జల్లెడ దిగిన గుడ్డుపెంకులు

2023 ఫిబ్రవరి, రెండో ఆదివారం, ఉదయం తొమ్మిది గంటలు. స్థలం: భిలాయి సెక్టర్ 7, మా క్వార్టర్ల వరస వెనక ఉన్న టమాటా మడి. హాజరైనవారు: నేను, నా భార్య సత్యవతి, పక్క క్వార్టర్లో కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డ్ రైల్వే గార్డు డేవిడ్ రాజు గారు, మార్కెట్ దగ్గర గుడ్డు దోసెల బండి నడిపే అప్పలనరసమ్మ.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. స్టీల్ ప్లాంటు ల్యాబులో ముప్పై రెండేళ్లు సున్నపురాయిని పరీక్షించడం నా పని. అయినా నా వృత్తిలో మరిచిపోలేని కేసు ఏదని ఎవరైనా అడిగితే, రిటైరైన నాలుగేళ్లకు ఈ మడిలో ఎదురైనదే చెబుతాను.

మడి పక్కన ఇటుకలతో నేను కట్టించిన కంపోస్టు గుంత ఉంది. అప్పలనరసమ్మ రోజూ బండి దగ్గర మిగిలిన గుడ్డుపెంకులు తెచ్చి అందులో వేసేది. ఆ ఎరువుతో మడిలో తన చట్నీకి కావలసిన టమాటా, కొత్తిమీర పండించుకునేది. పెంకుల్లో కాల్షియం ఉంటుంది, వెయ్యమని చెప్పింది నేనే. కానీ అంతకుముందు ఏడాది శీతాకాలంలో కాయలన్నీ అడుగున నల్లబడి కుళ్లిపోయాయి. దీన్ని బ్లాసమ్ ఎండ్ రాట్ అంటారు. కాయకు కాల్షియం అందనప్పుడు వచ్చే తెగులు. 2022 జూన్‌లో గుంత తవ్వి చూస్తే, ఏడాది కింద వేసిన పెంకులు కూడా డొల్లలు డొల్లలుగానే ఉన్నాయి.

డేవిడ్ గారు నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు. "ఏటండీ కెమిస్టు గారూ, ఇది ఎరువా, గుడ్ల మ్యూజియమా? ఒక్కటీ కరగనేదు. వాసనకి కుక్కలు మాత్రం రోజూ నా గేటు కాడికి డ్యూటీకొస్తన్నాయి. గుంత పూడ్చీండి, మడి తీసీండి."

"మడి తీసేస్తే నా చట్నీ ఏటైపోద్ది బాబూ?" అంది అప్పలనరసమ్మ. "జనం నా బండి కాడికొచ్చేది ఆ చట్నీ కోసరమే కదా."

చివరికి డేవిడ్ గారు ఒక్క పంటకు ఒప్పుకున్నారు. "మళ్లీ కాయలు నల్లబడ్డాయంటే ఎర్రజెండాయే. పక్కా!"

ఆయన వెళ్లాక అప్పలనరసమ్మ ఒక పెంకు తీసి అటూ ఇటూ తిప్పింది. "ఒక మాటడుగుతాను, ఏటనుకోకండి బాబూ. మీ ప్లాంటులో సున్నపురాయిని బండలు బండలుగానే పొయ్యిలో పోసీవోరా?"

ఆ పెంకును నా చేతిలోకి తీసుకున్నాను. సింటర్ ప్లాంటు అని ఒకటుంటుంది. ఇనుప ఖనిజం పొడిని, సున్నపురాయి పొడిని కలిపి కాల్చి ముద్దలు చేసే చోటు. అక్కడికి వెళ్లే రాయి మూడు మిల్లీమీటర్ల లోపు ఉండాలి. అంతకు మించితే లోపలిదాకా కాలదు. జల్లెడలు ఒకదాని కింద ఒకటి పేర్చి, దేనిలో ఎంత ఆగిందో తూచి, "ఓవర్‌సైజ్" అని రాయడం నా రోజువారీ పని. గుడ్డుపెంకు కూడా సున్నపురాయి జాతిదే. ఆ సంగతి తెలిసిన నేనే ఏడాదిపాటు ఆమెతో డొల్లలు వేయించాను.

మర్నాటినుంచి పద్ధతి మార్చాం. పెంకులు కడిగి, ఎండబెట్టి, బండి కట్టేసే ముందు పెనం మీద మిగిలిన వేడికి వేయించడం. ఈ వేయించడం అప్పలనరసమ్మ ఆలోచనే. దాంతో వాసన పోయింది, కుక్కలు రావడం మానేశాయి. తర్వాత పాత మిక్సీలో పొడి చేసి జల్లించడం. జల్లెడ కోసం వంటింట్లోకి వెళ్తే సత్యవతి అడ్డుపడింది.

"మైదా జల్లెడతో పెంకులేటండీ? ఇది మీ ల్యాబనుకున్నారా?"

"కొత్తది కొనిస్తాను."

"ఆ కొత్తదే మీరు ఉంచుకోండి. నాది ముట్టుకోకండి."

వానాకాలమంతా ఆ పొడిని కంపోస్టులో కలిపాం. మాది ఇక్కడివాళ్లు భాటా అనే ఎర్ర మట్టి. లిట్మస్ కాగితంతో చూస్తే కొంచెం పులుపు, అంటే ఆమ్లగుణం, చూపింది. అలాంటి నేలలో ఈ పొడి త్వరగా కరుగుతుంది. అక్టోబరులో మూడు వరసల నారు నాటాం. రెండింటికి పొడి కలిపిన ఎరువు, పోల్చి చూడడానికి మూడోదానికి పొడి కలపకుండా విడిగా ఉంచిన ఎరువు వేశాం.

డిసెంబరు చివర అప్పలనరసమ్మ కొంగులో నాలుగు కాయలు దాచుకుని వచ్చింది. నాలుగూ అడుగున నలుపే. వాటిలో రెండు కాయలు పొడి వేసిన వరసల్లోవే.

"డేవిడ్ బాబుకి సూపించకండి."

"శాంపిల్ దాచే అలవాటు నాకు లేదమ్మా," అన్నాను. నేనే తీసుకెళ్లి చూపించి, కారణం పట్టుకోవడానికి ఫిబ్రవరి దాకా గడువు అడిగాను. ఆయన కాయల వంక, నా వంక చూసి, "లేటు రన్నింగ్ అన్నమాట. సరే," అన్నారు.

ఆ సాయంత్రం డైరీ ముందేసుకుని కూర్చున్నాను. మడికి ఏ రోజు నీళ్లు పెట్టిందీ, ఏ రోజు పెట్టనిదీ అందులో రాసి ఉంది. బండి దగ్గర రద్దీ ఉన్న రోజుల్లో అప్పలనరసమ్మ రెండేసి రోజులు రాలేకపోయేది. మూడో రోజు బకెట్లతో కుమ్మరించేది. అలా నీళ్లు తప్పి మడి ఎండిన వారంలోనే ఆ కాయలు ఎదిగాయి. మట్టిలో కాల్షియం ఎంత ఉన్నా మొక్క దాన్ని నీళ్లతోనే పైకి లాగాలి. అప్పటినుంచి రోజూ పొద్దున్నే కొద్దికొద్దిగా నీళ్లు పెట్టాం. ఆమె రాలేని రోజు నేను పెట్టాను. మొదళ్లలో ఎండుగడ్డి పరిచాం.

ఇక ఆ ఆదివారం. ల్యాబులో ఒక నియమం ఉండేది: సరుకు పంపినవాడు శాంపిల్ ఎంచకూడదు. అందుకే పొడి వేసిన రెండు వరసల్లోంచి డేవిడ్ గారినే పది కాయలు కోయమన్నాను. ఆయన పైకి కనిపించేవాటిని వదిలేసి, వంగి, ఆకుల చాటున చెయ్యి దూర్చి ఏరారు. ఒక్కొక్కటే తిరగేశారు. తొమ్మిది కాయలు ఎర్రగా, నున్నగా ఉన్నాయి. పదోది తిరగేసి పైకెత్తారు.

"ఇదిగో, మచ్చ!"

అప్పలనరసమ్మ మొహం పాలిపోయింది. మరుక్షణం ఆ కాయ లాక్కుని కొంగుతో గట్టిగా తుడిచింది. మచ్చ పోయింది.

"కళ్లజోడు ఎట్టుకోండి బాబూ! బురదది!"

సత్యవతి పకపకా నవ్వింది. డేవిడ్ గారు కాసేపు బిగపట్టుకుని, ఆపైన మాకంటే గట్టిగా నవ్వి, జేబురుమాలు తీసి పచ్చజెండాలా ఊపారు. సాయంత్రం బండి దగ్గర ఆయన మూడు దోసెలు తిని చట్నీ నాలుగోసారి వేయించుకున్నారు.

పొడి వేయని వరసలో ఆ రోజు రెండు నల్లకాయలు దొరికాయి, పోయినేటికంటే చాలా తక్కువ. అంటే గెలుపులో నీళ్ల వాటా కూడా ఉంది. అదీ డైరీలో రాశాను. దాని కింద ఇంకో మాట రాశాను: ప్లాంటు గేటు దగ్గర బ్యాడ్జీతో పాటు నా విద్య కూడా అప్పజెప్పి వచ్చేశాను, అప్పలనరసమ్మ ఒక్క ప్రశ్నతో దాన్ని తిరిగి తెచ్చిచ్చింది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి తలుపు చప్పుడైంది. డేవిడ్ గారు, చేతిలో పొట్లం.

"మా ఇంటి పెంకులండీ. కడిగి, వేయించి, పొడి కొట్టించినాను. గుంతలో ఏసీమంటారా?"

కొత్త జల్లెడ తెచ్చి ఆయన ముందే పోసి ఆడించాను. పైన గుప్పెడు పలుకులు మిగిలాయి.

"ఓవర్‌సైజ్, డేవిడ్ గారూ. రిజెక్ట్."

"అరె యార్!" అంటూ ఆయన ఆ పలుకులను జాగ్రత్తగా పొట్లంలో కట్టుకుని వెళ్లిపోయారు. రెండు నిమిషాల్లో గోడ అవతల మిక్సీ మొదలైంది.