గోడకు ముక్కు ఆనించే మావ

మా జగన్నాధం మావ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు, గోడను వాసన చూస్తాడు. చెప్పులు విప్పి, తిన్నగా గోడ దగ్గరికి నడిచి, ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని గట్టిగా పీలుస్తాడు. మంచినీళ్ళు ఆ తర్వాతే.

ఆయన మా ఆవిడ పద్మకుమారికి మేనమామ. సాలూరులో ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు. ఒకసారి బొబ్బిలిలో సుభద్రమ్మగారింటికి పెళ్ళిచూపులకు పెద్దమనిషిగా వెళ్ళాడు. పెళ్ళికూతురు కాఫీ పట్టుకొచ్చేసరికి ఈయన బీరువా వెనక ఇరుక్కున్నాడు.

"పిల్ల నచ్చిందేటండీ?" అని అడిగింది సుభద్రమ్మ.

"పిల్ల బంగారం. మీ పడమటి గోడే నచ్చనేదు" అన్నాడు బీరువా వెనక నుంచే. సంబంధం కుదిరింది. కానీ ఆనాటి ఫోటోలన్నిటిలోనూ మావ ముక్కుకు సున్నం ఉంది.

కిందటి వానాకాలం విజయనగరంలో మా అద్దె వాటాకు వచ్చాడు. మా తన్మయికి ఆరేళ్ళు. జూలై నుంచి దగ్గు తగ్గలేదు, పడుకుంటే పిల్లికూతలు. చల్లగాలి పడదని కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కాం. తడిబట్టలు లోపలే ఆరేశాం. పిల్ల మంచం పక్కన పైడితల్లి అమ్మవారి పెద్ద పటం తగిలించాం. నిజం చెప్పాలంటే అందులో భక్తి సగమే. పైవాటా బాత్రూమ్ పైపు కారి అక్కడ నల్లమచ్చ పడింది. అమ్మవారి పటం ఎవరూ కదపరు కదా అని నా తెలివి.

మావ వచ్చేసరికి తన్మయి దగ్గుతోంది. ఆయన పటం ముందు నిలబడి చేతులు జోడించాడు.

"కూసింత జరుగు తల్లీ" అని పటం దించి, ముక్కు ఆనించాడు.

నేను పళ్ళెమంత అనుకున్న మచ్చ చాపంత అయింది. గోడంతా నల్లబూజు.

"ఏటిది అల్లుడూ?"

"సెమ్మ మావా. దసరాకి సున్నం కొట్టించెత్తాం."

"సున్నం కొడితే బూజు సస్తాదేటి? తెల్లసొక్కా తొడుక్కుంటాది. కిటికీలెందుకు మూసీసినారు?"

"పిల్లకి గాలి పడదని..."

"తడి బియ్యం బస్తాల మీద టార్పాలు కప్పి మూడ్రోజులుంచు, ఏటవుతాదో సూడు. పిల్లని బస్తా సేసీసినారు కదయ్యా!"

నాకు చిర్రెత్తుకొచ్చింది. పద్మకుమారి మొహం మాత్రం తేలికపడింది. ఎందుకంటే పక్కింట్లో ఉండే మా మేనత్త, తాతమ్మ అనే ఆవిడ, అప్పటికే, "ఆయాసం మా ఇంటా వంటా నేదు, తల్లి వైపు నుంచే వచ్చుంటాది" అని నలుగురిలో అనేసింది. అదే మేనత్త గోడవతల వింటూండగా మావ అరిచాడు:

"జబ్బు పిల్లకి కాదు, గోడకి!"

మర్నాడు డాక్టరు పీల్చే మందు రాసిచ్చి, మందు మానొద్దని, పిల్లను ఆ గదిలో పడుకోబెట్టొద్దని, ముందు చెమ్మ ఆగాలని చెప్పాడు. మావ పైవాటాకెక్కి కూర్చుని, పైపు బాగయ్యేదాకా మెట్లు దిగలేదు. తర్వాత మూతికి తువ్వాలు కట్టుకుని, కిటికీలు బార్లా తెరిచి, తనే గోడ చెక్కేశాడు. దసరా వెళ్ళాక పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం నాటికి తన్మయి వీధిలో పరుగులు తీసింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆ రోజే పాలు పొయ్యి మీద పెట్టి, మావను చూడమని, మేం పిల్ల వెనక వాకిట్లోకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి గిన్నె మాడి వీధంతా కంపు. మావ పొయ్యికి వీపు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు.

"మావా, వాసన తెలీనేదేటి?"

"నా ముక్కు సచ్చి పదేళ్ళయింది అల్లుడూ."

"మరి గోడల వాసన?"

మావ పేపరు మడిచాడు. "వాసనేటి, నా మొహం! ముక్కానిస్తే సెమ్మ సల్లగా తగుల్తాది, అంతే. మీ పిల్లకి ఆయాసమని తల్లితో అంటే ఏడుస్తాది. గోడని తిడితే గోడ ఏడవదు కదా."

"దగ్గుతున్న పిల్లలున్న ఇళ్ళు సరే, అన్నిళ్ళలోనూ ఎందుకు మావా?"

"ఒక్క ఇంట్లోనే ఆనిస్తే ఆ తల్లికి తెలిసిపోదేటి?"

పద్మకుమారి గిన్నె తోముతూ కళ్ళు తుడుచుకుంది, వెంటనే నవ్వింది.

"ఏటి నవ్వుతన్నావు? ఏరే పాలు పెట్టు, టీ తాగి బొబ్బిలి ఎల్లాల. సుభద్రమ్మ కూతురు పసిగుడ్డుతో పుట్టింటికొచ్చిందంట. ఆ పడమటి గోడ సంగతేటో సూడాల."