గాడులు లేని గొట్టం

రెండువేల సంవత్సరం వచ్చేసింది. తేదీ మారగానే కంప్యూటర్లన్నీ తప్పుతాయని మేము భయపడినదేదీ జరగలేదు. ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్ళో, ధాన్యం గిడ్డంగుల లెక్కలు చూసే ఒక చిన్న కంపెనీలో నేను కోబాల్ భాషలో రాసిన పాత కంప్యూటర్ ప్రోగ్రాములు సరిచేసేదాన్ని. అంతకుముందు హైదరాబాదు బాలానగర్‌లో అచ్చులూ పనిముట్లూ తయారుచేసే ఒక టూల్ రూమ్‌లో ఇంజినీరుని. ఆ ఉద్యోగం వదిలి, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి విమానం ఎక్కాను. ఏడాదికి పైగా రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడమే నా పని. జనవరి దాటాక ఆ పనీ లేదు. కాంట్రాక్టు మాత్రం ఇంకా మిగిలి ఉంది. ఆఫీసుకు వెళ్ళి ఊరికే కూర్చుని వచ్చేదాన్ని. పని లేకపోయినా అలసట తగ్గలేదు. ఎంత పడుకున్నా, లేచేసరికి ఒళ్ళు బరువుగానే ఉండేది.

నేను అద్దెకున్నది ఒక డాక్టరు గారి ఇంటి వెనక గదిలో. అంకుల్‌ది ఆదోని, ఆంటీది హైదరాబాదు. ఆయన ఆ ఊళ్ళో చాలా ఏళ్ళుగా సర్జన్. శనివారం వస్తే పిస్టల్ క్లబ్బుకు వెళ్ళేవారు. ఆయనకున్న సరదా అదొక్కటే. ఆ ఎండాకాలంలో మనిషి బాగా ముభావంగా మారారు. కారణం ఆంటీ చెప్పింది. ఒకప్పుడు ఆయన గుండ్లన్నీ ఒక సాసరంత చోట్లో తగిలేవట. ఇప్పుడు కాగితమంతా చెదిరిపోతున్నాయట. చెయ్యి వణకడం మొదలైందని ఆయన నమ్మేశారు. ఆసుపత్రిలో ఎవరికీ చెప్పకుండా, పెద్ద ఆపరేషన్లు మెల్లగా వేరేవాళ్ళకు అప్పగిస్తున్నారు. తెల్లవారుజాము నమాజయ్యాక డైనింగ్ టేబుల్ మీద రెండు చేతులూ చాపి, వాటికేసే చూస్తూ కూర్చుంటారని చెప్తూ ఆంటీ కొంగుతో మొహం తుడుచుకుంది.

ఒక శనివారం నన్ను కూడా క్లబ్బుకు తీసుకెళ్ళమని ఆంటీయే ఆయనకు చెప్పింది. నేను గోడకేసి చూస్తూ కూర్చోవడం ఆవిడ చూడలేకపోయింది.

క్లబ్బంటే ఊరి బయట ఎండిన గడ్డి వాలులో ఒక రేకుల షెడ్డు. అంకుల్ పిస్టల్ యూరప్‌లో ఏదో దేశపు పోలీసులు వాడి, అవసరం తీరాక అమ్మేసినది. కొని ఎంతో కాలం కాలేదు. గుండ్లు మాత్రం ఆయన ఎప్పటిలాగే ఇంట్లో సీసం కరిగించి పోసుకునేవారు. ఆ రోజూ గురి చెదిరింది. పిస్టల్ విప్పి బల్ల మీద పెట్టి శుభ్రం చేయడానికి కూర్చున్నారు. క్లబ్బులో పెద్దాయన, ఒక ముసలి రైతు, గొట్టం ఎత్తి వెలుతురుకేసి చూసి పెదవి విరిచాడు. లోపల గాడులు పూర్తిగా అరిగిపోయాయని, ఈ గొట్టం పారేసి ఇంకోటి తెప్పించుకోమని అన్నాడు. అంకుల్ తలాడించారు గానీ నమ్మలేదని తెలుస్తూనే ఉంది. లోపం గొట్టంలో కాదు, చేతిలో ఉందన్నది ఆయన లెక్క.

నేనూ చూస్తానని అడిగి గొట్టం తీసుకున్నాను. తుపాకీ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయని, గుండును గిర్రున తిప్పి తిన్నగా పంపేవి అవేనని నాకు తెలుసు. ఇందులో గాడి అన్నది లేదు. బూడిదరంగు నునుపు తప్ప ఏమీ లేదు. అయితే మూతి దగ్గర ఆ రంధ్రం గుండ్రంగా కనిపించలేదు. మూలలు అరగదీసిన షడ్భుజిలా ఉంది. అరుగుదల ఏదైనా అంత లెక్కగా ఆరు వైపులా అరగదు. ఎవరో కావాలని చేసిన ఆకారం అది.

“అంకుల్, ఇది అరిగింది కాదు. మొదట్నించీ ఇంతేనేమో. ఒకసారి బాగా క్లీన్ చేసి చూద్దామా?” అన్నాను.

ఆయన ఓపిక లేనట్టు రాగి బ్రష్ నా ముందుకు తోశారు. చాలాసేపు తోమాను. ముందు నల్లటి నూనె వచ్చింది. తర్వాత సిగరెట్ పెట్టెలో రేకులాంటి పొరలు ఊడి పడసాగాయి. అది సీసం. పెద్దాయన దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. మెత్తటి సీసం బిళ్ళ ఒకటి నూనె రాసి గొట్టంలోంచి తోసి చూద్దామని ఆయనే అన్నాడు. చేపలు పట్టే గాలానికి కట్టే సీసం గుండు కారులోంచి తెచ్చాడు. చెక్క కడ్డీతో మెల్లగా కొడుతూ తోశాం. అవతలి వైపు నుంచి పడ్డ బిళ్ళను అరచేతిలో పెట్టుకున్నాను. ఆరు పలకలు, మూలలు నునుపు, చుట్టూ చిన్న మెలిక. కోసిన గీత ఒక్కటీ లేదు.

అప్పుడు అర్థమైంది. ఈ గొట్టంలో గాడులు కోయలేదు. ఆరు పలకల గట్టి కడ్డీని మెలితిప్పిన ఆకారంలో తయారుచేసి, దాని చుట్టూ ఉక్కును సుత్తులతో సాగగొట్టి ఉంటారు. గుండును ఇది కోయదు, నొక్కి తిప్పుతుంది. రాగి తొడుగున్న గుండ్లకు అది బాగుంటుంది. అంకుల్ పోసుకునే మెత్తటి సీసం మాత్రం గోడలకు అంటుకుపోతూ, పొర మీద పొరగా పేరుకుపోయి, ఉన్న ఆకారాన్నీ మూసేసింది. ఇలాగే కాలుస్తూ పోతే ఎప్పుడో గొట్టం పగిలేదని పెద్దాయన అన్నాడు. తన తొందరపాటు మాటకు నవ్వుకుని, రాగి తొడుగు గుండ్ల పెట్టె అంకుల్ చేతిలో పెట్టాడు.

అంకుల్ వెళ్ళి కాల్చారు. కాగితం దగ్గరికి లాగి చూశాం. గుండ్లన్నీ ఒక్కచోటే.

నాకు చాలా నెలల తర్వాత సంతోషమేసింది. ఆయనకు మాత్రం వేయలేదు. బెంచీ మీద కూలబడి మోత వినపడకుండా చెవులకు పెట్టుకున్న మఫ్‌లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“అంటే నా చెయ్యి బాగానే ఉండాది,” అన్నారు.

“బాగానే ఉంది అంకుల్.”

“ఇంక ఆస్పత్రోళ్ళకు ఏం సాకు చెప్పల్ల?” అన్నారాయన, నాకేసి చూడకుండా. “చెయ్యి పోయిందంటే ఎవురూ ఏమీ అడగరు, వదిలేస్తారు. అలిసిపోయినా అంటే ఒప్పుకుంటారా, అమ్మా?”

నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. పెద్దాయన మా ఇద్దరికీ టీ తెచ్చిచ్చి వెళ్ళిపోయాడు. తిరుగుదారిలో అంకుల్ కారు నెమ్మదిగా నడిపారు. కళ్ళు తెరిస్తే ఆపరేషన్ థియేటరు లైటు, మూస్తే ఫోను మోత, ఇన్నేళ్ళూ అంతేనని చెప్పారు. భయపడ్డ మాట నిజమేగానీ, చెయ్యి వణికిందనుకున్న మొదటి రోజు తనకు హాయిగా నిద్రపట్టిందట. ఆ మాట ఆంటీకి చెప్పొద్దన్నారు. చెప్పలేదు.

వారం తర్వాత ఆయనే ఆసుపత్రికి వెళ్ళి, జబ్బేమీ లేదు, అలిసిపోయానని ఉన్నదున్నట్టు చెప్పారు. వాళ్ళు సెలవు తీసుకోమన్నారు, తర్వాత ఆలోచిద్దామన్నారు. ఆయన వినలేదు. వారంలో రెండు పూటలు రోగులను చూడటానికి మాత్రం ఒప్పుకుని ఆపరేషన్లు మానేశారు.

నాకు సిడ్నీలో ఇంకో కాంట్రాక్టు వచ్చింది. వెళ్ళే ముందు, నా పాత ఇంజినీరు పని ఏమైనా దొరుకుతుందేమోనని ఊళ్ళోని మెషిన్ షాపుల్లో ఒకరిద్దరిని అడిగి చూశాను. మర్యాదగానే లేదన్నారు. మళ్ళీ స్క్రీను ముందే కూర్చున్నాను. ఈసారి తేదీలు కాదు, బ్యాంకు వడ్డీలు. కొన్నాళ్ళకు ఆంటీ ఫోన్ చేసి, అంకుల్ మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే చీకటి పడేదాకా లేవడం లేదని, ఏమైనా జబ్బేమోనని అడిగింది. జబ్బు కాదు ఆంటీ, పడుకోనివ్వండి అన్నాను.