కరుప్పు మమ్మల్ని గుర్తుపట్టని రోజు

నా చిన్నప్పుడు చిలకలను తోలే పని నాది. తిరుత్తణి కొండ కనిపించేంత దూరంలో మాకు జామతోట ఉండేది. కాయ పండే కాలంలో తెల్లవారింది మొదలు రేకుడబ్బా వాయిస్తూ చెట్ల కింద తిరిగేదాన్ని. కాయలు అయిపోయేసరికి బడిలో పాఠాలు నాకు అందనంత ముందుకు వెళ్లిపోయి ఉండేవి. అలా చదువు ఆగిపోయింది. ఇప్పుడు చెన్నై పక్కన పట్టాభిరామ్‌లో కూతురి దగ్గర ఉంటూ, పక్కింటి టీచరమ్మ దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. సొంతంగా ఏదైనా రాయమని ఆమె అంటే నాకు మొదట కరుప్పే గుర్తొచ్చింది.

కరుప్పు మా కుక్క. కూనగా ఉన్నప్పుడు రైస్‌మిల్లు యజమాని ఇచ్చాడు. అది మాస్టిఫ్ జాతి అని ఈమధ్య మనవడు ఫోనులో బొమ్మ చూపించి చెప్పాడు గానీ, అప్పట్లో మాకు జాతులు తెలియవు. దూడంత ఎత్తు, గోధుమరంగు ఒళ్లు, బొగ్గు పూసినట్టు నల్లటి మొహం. ఆ నలుపుకే అరవంలో కరుప్పని పేరు. అరవడం తక్కువ. కొత్తవాళ్లు వస్తే లేచి గేటుకు అడ్డంగా నిలబడేది, అంతే. వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోయేవాళ్లు. ఇంట్లోవాళ్లను ఏమీ అనేది కాదు. అయినా నాకు ఆ తల చూస్తేనే భయం. అవ్వ దానికి సంగటి పెడుతుంటే నేను గడప దాటేదాన్ని కాదు.

ఒక ఏడు నాకు జ్వరం పట్టుకుని వదల్లేదు. తగ్గితే నా వెంట్రుకలు ఇస్తానని అవ్వ కొండమీది స్వామికి మొక్కుకుంది. తగ్గాక తాతయ్య నన్ను కొండకు తీసుకెళ్లాడు. జడ పోతుందని నేను మంగలి ముందు కూర్చోకుండా మొండికేశాను. తాతయ్య బతిమాలలేదు. పైపంచ తీసి తనే ముందు కూర్చున్నాడు. తల అయ్యాక, ఎవరూ మొక్కుకోని మీసం కూడా తీయించేశాడు. ఆ మొహం చూసి నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతుండగానే నా జడా పోయింది. ఇద్దరం గుండ్లకు గంధం పూసుకుని బస్సెక్కాం.

ఇంటి దగ్గర తాతయ్య గేటు కొంచెం తోశాడో లేదో, కరుప్పు లేచి నిలబడింది. తోక కదల్లేదు. గొంతులోంచి గుర్రుమంది. కొత్త పసుపు పంచె, గంధం వాసన, మీసం లేని మొహం. మేమెవరో దానికి తెలియలేదు. దారిన పోతున్న పాలాయన సైకిలు ఆపి నవ్వాడు.

"ఏం పెద్దాయనా, మొట్ట కొట్టించుకుంటే సొంత కుక్కే లోపలికి రానీలేదే."

ఆ మాటకు మా చిన్నాయనకు తల కొట్టేసినట్టయింది. కట్టె తీసుకుని వచ్చాడు. పెంచినవాణ్నే పోల్చుకోలేని కుక్క రేపు పాప మీద పడదని నమ్మకమేమిటన్నాడు. ఇటుకబట్టీ యజమాని ఎప్పటినుంచో అడుగుతున్నాడు, పొద్దున ఆయన లారీ వస్తే ఎక్కించేస్తానన్నాడు. బట్టీలో కుక్కలను గొలుసు విప్పకుండా కట్టి ఉంచుతారని మాకందరికీ తెలుసు.

తాతయ్య కట్టె అవతల పెట్టమన్నాడు. గేటు బయటే దుమ్ములో, పక్కకు తిరిగి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఆయన వీపు వెనక నక్కాను. ఎండకు గుండు చురుక్కుమంటోంది. పేరు పెట్టి పిలిస్తే వస్తుంది కదా అని ఆయన చెవిలో అడిగాను.

"పిలిస్తే గొంతు విని వస్తాది పాపా. అట్ల వద్దు. కొత్త మొగం కనపడితే నువ్వెవురని అడిగేది దాని పని. దాని పని అది చేస్తా ఉండాది. మనమెవురో అదే చూసుకోనీ. అంతదాకా కుచ్చుందాం."

చాలాసేపటికి కరుప్పు ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది. ఆయన పాదాలు వాసన చూసింది. చెయ్యి దగ్గర ఆగిపోయింది. ఉన్నట్టుండి ఒళ్లంతా ఊగిపోయేలా తోక ఊపుతూ, ఆ పెద్ద తల ఆయన ఒళ్లో పెట్టి మూలిగింది. తాతయ్య దాని చెవులు నిమురుతూ "చూసుకుంటివా" అన్నాడు. అంతలో ఆయన వెనక నేను కనబడ్డాను. మళ్లీ బిగుసుకుంది. నేను ఏడుపు అందుకున్నాను. తాతయ్య నన్ను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాడు.

"నిన్ను గుర్తుపట్టింది గాని పాపను పట్టలే నాయనా. లారీ రానీ," అన్నాడు చిన్నాయన.

ఆ సాయంత్రం తాతయ్య సంగటి సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఇప్పటికీ ఒత్తులు నాకు సరిగా లొంగవు. కొత్త పుస్తకం తెరిస్తే అది నన్ను చూసి గుర్రుమన్నట్టే ఉంటుంది. మనవడు కూడా పాలు తాగే వయసులో నన్ను చూస్తే చాలు ఏడ్చేవాడు. పుస్తకాన్ని మూసెయ్యలేదు, వాణ్ని బలవంతంగా ఎత్తుకోలేదు. ఊరికే దగ్గర కూర్చున్నాను. అలా కూర్చోవడం తాతయ్యను చూసి తెలుసుకున్నాను గానీ, నాకు మొదటిసారి చేతనైంది మాత్రం కొండనుంచి వచ్చిన మరుసటి పొద్దున.

లారీ ఇంకా రాలేదు. అవ్వ చేతిలోంచి సంగటి గిన్నె తీసుకుని గడప దాటాను. కరుప్పుకు కొంచెం ఇవతల, నేల మీద, పక్కకు తిరిగి కూర్చున్నాను. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. పిలవలేదు. వెచ్చటి ఊపిరి ముందు నా పాదానికి, తరువాత చెవికి తగిలింది. ఆ తరువాత వెడల్పాటి తడి నాలుక ఒకటి నా గుండు మీద మిగిలిన గంధాన్నంతా నాకేసింది.

కళ్లు తెరిచేసరికి లారీ వచ్చి ఉంది. చిన్నాయన గేటు దగ్గర నిలబడి మా వైపే చూస్తున్నాడు.

"లేదన్నా, మీరు పోండి," అన్నాడు డ్రైవరుతో. "ఇది మా పాప కుక్క."

నేను సంగటి ముద్ద తుంచి చెయ్యి చాపాను.