సీపీయూలో దాగిన మిరప ఘాటు

గుంటూరులో మిర్చి యార్డుకు వెళ్లే రోడ్డు మీద నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. మొన్న వేసవిలో ఒక పెళ్లికూతురి అమ్మానాన్నలు ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచుకోవడానికి వచ్చారు. కంప్యూటర్‌లో ఒక్కో ఫొటో తెరుచుకోవడానికి రెండేసి నిమిషాలు పడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

“అప్పగింతల్లో ఈయన కంట చుక్క నీరు రాలేదమ్మా. ఫొటోలో చూపిద్దామంటే అదీ రావట్లేదు,” అందావిడ.

“ఏడవకపోతే తప్పా ఏంటి?” అన్నారాయన.

సీపీయూ మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. ఫ్యాన్‌కు దుమ్ము పట్టి ఉంటుందని ఆపేసి, మూత తీసి బ్లోయర్ పెట్టాను. సీజనంతా లారీల నుంచి వచ్చి చేరిన మిరప దుమ్ము గుప్పున లేచింది! ముగ్గురం తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ, కళ్లనీళ్లతో రోడ్డు మీదికి పరిగెత్తాం. సిగ్గుతో చచ్చిపోయాను.

ఘాటు తగ్గాక లోపలికొచ్చి కంప్యూటర్ ఆన్ చేశాను. అప్పగింతల ఫొటో చిటికెలో తెరనిండా వచ్చింది. అందులో కూతురు ఆయన భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. అది చూస్తూనే ఆయన కండువా తీసి కళ్లకు అడ్డం పెట్టుకున్నారు.

“ఇంకా మండుతున్నాయా?” అని అడిగిందావిడ, మెల్లగా.

“మిరప ఘాటు కదే, ఊరికే పోద్దా?”

ఇప్పుడు సీపీయూను వాకిట్లో పెట్టే దులుపుతున్నాను. ఆ రోజు లోపల దులిపినందుకు మాత్రం నాకేమీ బాధ లేదు.