మూత మీది సంతకం

జనార్ధనరావుగారి బొటనవేళ్ళకి గీతలు లేవు. ముప్పైనాలుగేళ్ళు రైల్వేలో, రైళ్ళ నెత్తిన వేలాడే కరెంటు తీగల విభాగంలో పనిచేసి, ఆ గీతలన్నీ తీగలకీ పానాలకీ అరగదీసుకుని వచ్చేశారు. పెన్షను ఆగకూడదంటే ఏటా నవంబరులో బ్యాంకుకి వెళ్ళి బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి కదా, అక్కడి వేలిముద్ర మిషను ఆయన్ని ఒక పట్టాన ఒప్పుకోదు.

"ఎదురుగా నిలబడి దగ్గుతున్నా నేను లేనంటుందేమిటి మాస్టారూ ఆ డబ్బా?" అంటారు నాతో.

నేనెన్నడూ ఎవరికీ పాఠం చెప్పినవాణ్ణి కాదు. నాచారంలో ఆయన ఇంటి పైగదిలోకి అద్దెకు దిగిన రోజున నా సామానులో బట్టలకంటే పుస్తకాలూ, నేను రాసుకునే కథల కాగితాలూ ఎక్కువ ఉండటం చూసి, ఆయనే ఆ పేరు తగిలించారు. అప్పటిదాకా ఏ ఊళ్ళోనూ రెండేళ్ళు నిలవని నేను ఆ గదిలో ఆరేళ్ళుగా ఉన్నానంటే, సగం కారణం ఆయన కబుర్లు.

ఆ కబుర్లలో మాటిమాటికీ వచ్చేది ఒక నియమం. రైలు తీగ మీద పని చెయ్యాలంటే ముందు కరెంటు తియ్యాలి. తీసినవాడు ఎన్ని గంటలకి తీశాడో రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. పని అయ్యాక మళ్ళీ ఇచ్చేటప్పుడూ అంతే, టైము, సంతకం. ఒకడు తీసింది ఇంకొకడు వచ్చి ఇచ్చెయ్యకూడదు. తీగ మీద మనుషులుంటారు. "నా సర్వీసులో ఒక్కడికీ చెయ్యి కాలలేదండీ," అనేవారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వేవారు కాదు.

రిటైరయ్యాక ఆ నియమంలో సగమే ఇంటికి తెచ్చుకున్నారు. రాయడం పోయింది, తియ్యడం మిగిలింది. ఇల్లు కదిలేముందు గదిగదికీ తిరిగి ఒక్కో స్విచ్చినీ వేలితో తాకుతూ "ఆఫ్... ఆఫ్... ఆఫ్..." అని పైకే అనుకుంటూ పోతారు. ఫ్రిజ్‌ని మాత్రం క్షమిస్తారు. దసరాకి ముందనుకుంటాను, కోడలు సాయి ప్రియ ఒకరోజు గీజరు కట్టెయ్యడం మరిచిపోయింది. చెంగిచెర్ల నుంచి ఆమె తల్లి దుర్గమ్మ వచ్చి హాల్లో కూర్చుని ఉంది. ఆవిడ వినేలా, "మీ ఇంట్లో పిల్లలకి స్విచ్చి ఆపడం నేర్పలేదామ్మా?" అన్నారు రావుగారు. దుర్గమ్మ తాగుతున్న టీ కప్పు కింద పెట్టేసింది. సాయి ప్రియ "సారీ మామయ్యా" అని వెళ్ళి కట్టేసి వచ్చింది.

సాయి ప్రియ పనిచేసేది నాచారం పారిశ్రామికవాడలో ఒక మసాలా పొడుల కంపెనీలో. వచ్చిన సరుకులో కంటికి కనిపించని పురుగూ బూజూ ఉన్నాయో లేవో పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. ఆ అలవాటు కొద్దీ ఇంట్లో కూడా ప్రతి గిన్నె మీదా చీటీ అంటిస్తుంది, ఏమిటి, ఏ రోజుది, ఎన్ని గంటలది అని. భర్త శశిధర్‌ది పొద్దున్నే వెళ్ళి బాగా పొద్దుపోయాక వచ్చే ఉద్యోగం. కాబట్టి సాయంత్రపు వంటంతా ఆమెదే. ఆరింటికి ఇల్లు చేరితే, మూడో తరగతి చదివే కూతురు హరిణి గుమ్మంలోనే పట్టుకుంటుంది, "ఈరోజన్నా చైనీస్ చికెన్?" అని. ఉప్పల్ చౌరస్తాలో బండి మీద ఒకసారి తినిపించిన పాపానికి ఆ పిల్ల ఇంక వదల్లేదు. "ఆ రంగు సూస్తే మా ల్యాబుల గూడ ఎవ్వరు ముట్టరు," అనేది తల్లి.

చివరికి ఆన్‌లైన్లో ఒక కుక్కర్ తెప్పించింది. లోపల మందపాటి పింగాణీ గిన్నె, చుట్టూ సన్నని కరెంటు వేడి. పొద్దున పచ్చిమాంసం, సోయా సాసు, అల్లం, వెల్లుల్లి, కాస్త వెనిగరు, కాస్త బెల్లం వేసి మీట తక్కువకి తిప్పి పోతే, సాయంత్రానికి అదే ఉడుకుతుంది. కలపక్కర్లేదు, కాపలా అక్కర్లేదు.

రావుగారికి అది చూడగానే గిట్టలేదు. "పొద్దున పెడితే సాయంత్రానికి అయ్యేదాన్ని కుక్కర్ అనరు, పొదిగే కోడి అంటారు," అన్నారు. సాయి ప్రియ నవ్వేసింది.

నేను ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. గోదావరి పక్క ఊళ్ళలో పిడకల దాలి మీద పాలకుండ పొద్దుగూకేదాకా కాగేదనీ, ఆ మీగడ ఇటుకరంగులో వేలుమందాన కట్టేదనీ, పాతబస్తీలో మేకకాళ్ళ పాయా అయితే రాత్రి పొయ్యెక్కి తెల్లారి దిగుతుందనీ ఏకరువు పెట్టాను. "మీ అమ్మగారు చేసిందీ ఇదే కదండీ," అన్నాను.

"మా అమ్మ దాలి పక్కనే కూర్చునేదండీ. ఇల్లొదిలి పోయేది కాదు."

సాయి ప్రియ వంటింట్లోనే ఉంది. విననట్టు చీటీ మీద ఏదో రాసుకుంటోంది.

అది బుధవారం. ఎనిమిదీ నలభైకి ఆమె ఆ గిన్నె పెట్టింది. మూత మీద చీటీ: "చికెన్. 8.40 ఆన్. సాయంత్రం దాకా ముట్టొద్దు." చెప్పులేసుకుంటూ నోటితో కూడా చెప్పింది. "మామయ్యా, గా స్విచ్చి జర ముట్టుకోకుండ్రి."

"నేనేం చిన్నపిల్లాణ్ణా?" అన్నారు రావుగారు.

పది దాటాక ఆయనా నేనూ హబ్సిగూడ బ్యాంకుకి బయలుదేరాం. వేలిముద్ర పడుతుందో పడదో అన్న బెంగలో ఆయన బొటనవేలిని పంచె అంచుతో రుద్దుకుంటూనే గదులన్నీ తిరిగారు. ఆఫ్, ఆఫ్, ఆఫ్. నేను గుమ్మంలో నిలబడి వింటూనే ఉన్నాను. తాళం వేస్తూ గడియారం చూసుకున్నారు, "పదీ ఐదు" అని. ఆ అలవాటు మాత్రం పోలేదు.

బ్యాంకులో మిషను మూడుసార్లు కాదని నాలుగోసారి ఒప్పుకుంది. ఆ ఆనందంలో టిఫిను, తరువాత టీ, తరువాత నాకోసం పుస్తకాల కొట్టు. ఇంటికొచ్చేసరికి రెండున్నర. మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే ఆ గిన్నెని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నారు.

"గోరువెచ్చగా కూడా లేదు మాస్టారూ," అన్నారు.

స్విచ్చి పైకి, ఆఫ్ వైపు ఉంది. మూత మీద "ముట్టొద్దు" అన్న అక్షరాలు మా ఇద్దరినీ చూస్తున్నాయి. ఆయన జేబులోంచి ఫోన్ తీశారు, కోడలి నంబరు కోసం వెతుకుతున్నారు. పేరు దొరకడం లేదు. "గీజరు గురించి వాళ్ళమ్మ ముందు అంతలేసి మాటలన్నాను. ఇప్పుడేం చెప్పను?" అన్నారు.

ఇక్కడ చెప్పవలసింది చెప్తాను. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నది నేను. "ఎందుకండీ రాద్ధాంతం? ఉడికిపోతుంది. ఎవరికి తెలుస్తుంది?" అన్నది నేను. ఆ స్విచ్చి వేసింది నా వేలు. ఆలస్యం పూడ్చాలని మీటని ఎక్కువకి తిప్పి, ఐదున్నరకి పైనుంచి దిగొచ్చి మళ్ళీ తక్కువకి తిప్పిపెట్టింది కూడా నేనే. చదువుకున్న చదువు ఆ సమయానికి ఇంత తెలివికి మాత్రమే అక్కరకొచ్చింది.

ఏడింటికి హరిణి మెట్లమీదే కేకపెట్టింది. "పైతాతా, అమ్మ రమ్మంటుంది! చైనీస్ చికెన్ అయింది!"

వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళాను. ఇల్లంతా తియ్యటి అల్లం వాసన. సాయి ప్రియ స్నానం చేసి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, మొక్కజొన్న పిండి నీళ్ళలో కలిపి గిన్నెలో పోసి తిప్పుతోంది. పైన ఉల్లికాడలు చల్లింది. మొహం వెలిగిపోతోంది.

"కూసోండి అంకుల్. మా మామయ్య పొదిగేకోడి ఏం చేసిందో ఇయాల సూద్దాం."

"నాకు ఆకలి లేదమ్మా," అన్నారు రావుగారు గోడవైపు చూస్తూ.

"రెండు ముక్కలే మామయ్యా. ఫస్ట్ టైమ్ గద." హరిణి కంచంలో అన్నం మీద కూర వేసింది.

"పాపకి పెట్టకమ్మా."

గరిటె ఆగింది. "ఎందుకు?"

"ఆ సాసులూ అవీ పసిపిల్లలకి పడవు."

"బండి మీది పడ్డయి గదా. నా చేతిది పడదా?" అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది. "పొదిగేకోడి అన్నరు, నవ్విన. మీ అమ్మ దాలి పక్కనే కూసునేదన్నరు, విన్న. మా అమ్మ ముందట గీజరు సంగతి అంటే గూడ ఏమనలే. తిని బాలేదంటే అయిపాయె. తినకుండనే పిల్లకు పెట్టొద్దంటరా? అంత రోత పుట్టిందా నా వంటంటే?"

ఆయన హరిణి కంచం వైపే చూస్తున్నారు. నా వంక చూడలేదు. చూస్తే నేను తల దించుకునేవాణ్ణి. అప్పటికే దించుకున్నాను.

"నేను తింటా మమ్మీ," అంది హరిణి, తల్లి ఏడుస్తుందేమోనన్న భయంతో. ముద్ద ఎత్తింది.

రావుగారు కుర్చీలోంచి లేచి ఆ పిల్ల చేతిమీద కొట్టారు. ముద్ద పోయి గోడకి తగిలింది. కంచం లాగేసుకున్నారు. హరిణి ఒక్క క్షణం బిత్తరపోయి, ఏడుపు లంకించుకుంది.

"ఏంది మామయ్యా గిది!"

ఆయన వంటింటి గట్టు దగ్గరికి నడిచారు. బ్యాంకులో సంతకాలకని పొద్దున పెట్టుకున్న పెన్ను ఇంకా జేబులోనే ఉంది. మూత బోర్లించి ఉంటే తిప్పి, ఆ చీటీ మీద వంగారు. చాలాసేపు రాసినట్టనిపించింది గానీ రాసింది రెండు వరుసలే. "10.05 ఆఫ్. 2.30 ఆన్." కింద పూర్తి సంతకం, తేదీతో సహా, రిజిస్టరులో పెట్టినట్టే. మూత తెచ్చి కోడలి ముందు బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు. పై అధికారి ముందు నిలబడినట్టు.

సాయి ప్రియ చదివింది. మళ్ళీ చదివింది.

"నాలుగున్నర గంటలు," అంది మెల్లగా. "సగం వేడెక్కి ఆగిపోయి, నాలుగున్నర గంటలు. మా ల్యాబుల పురుగును పెంచాలంటే గట్లనే పెడతం మామయ్యా."

"మళ్ళీ ఉడికింది కదమ్మా అని..."

"పురుగు సస్తది. అది కక్కిన విషం సావదు."

ఆయన హరిణి వైపు చూశారు. పిల్ల దెబ్బ తగిలిన చేతిని చంకలో దాచుకుని ఉంది. "అది తెలీదమ్మా," అన్నారు. ఆ మాట ఆయనకే నచ్చలేదు. "తెలీకపోవడం కాదు. ఏదో అవుతుందని తెలుస్తూనే ఉంది. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

"ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె గదా. గింత పెద్దగయ్యేదా?" అని, నా వైపు తిరిగింది. "అంకుల్, మీరు గూడ ఉన్నరు గదా. మీకు తెలుసా?"

నేను గొంతు సవరించుకునే లోపే రావుగారు అందుకున్నారు. "ఆయనకేం తెలీదమ్మా. మెట్ల దగ్గర్నుంచే పైకి వెళ్ళిపోయారు."

నేను తలూపాను. అబద్ధం ఆయనాడారు. దానికి తలూపింది నేను.

సాయి ప్రియ మూత పక్కన పెట్టింది. కూరంతా కవర్లో ఒంపి, ముడేసి, దానిమీద కూడా ఒక చీటీ అంటించింది, పొద్దున చెత్తబండి మనిషి తెరవకూడదని. కుక్కలకి పెట్టనివ్వలేదు. గుడ్లు తీసింది. "ఉల్లిగడ్డలు కోయుండ్రి," అంది మామగారితో, మొహం చూడకుండా. ఆయన జీవితంలో కత్తిపీట ముట్టిన మనిషి కారు. కూర్చుని, నాలుగు ఉల్లిపాయల్ని ఎన్ని వంకర్లుగా కొయ్యచ్చో అన్ని వంకర్లుగానూ కోశారు. మిగిలిన సోయా సాసుతో గుడ్డన్నం చేసింది. "ఇది కూడా చైనీసేనా?" అంది హరిణి. "ఇదే అసలు చైనీసు," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు.

అది జరిగి నెల దాటింది. కూర ఇప్పుడు ప్రతి బుధవారమూ అవుతోంది, బాగా అవుతోంది. ఆ రోజు రావుగారు గడప దాటరు. వంటింట్లో కుర్చీ వేసుకుని, వాళ్ళమ్మ దాలి పక్కన కూర్చున్నట్టే, ఆ గిన్నె పక్కన పేపరు చదువుకుంటారు. దుర్గమ్మ వచ్చిన రోజున, గీజరు సంగతీ చికెన్ సంగతీ కలిపి ఆవిడకి ఆయనే చెప్పేశారట. ఆయన సంతకమున్న ఆ మూత మీది చీటీని సాయి ప్రియ పారెయ్యలేదు. అల్మారా తలుపు లోపలివైపు అంటించింది. పంచదార డబ్బా కోసం తలుపు తీసినప్పుడల్లా నాకు కనిపిస్తుంది.

నన్ను మాత్రం రావుగారు ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. "మీరు ఫోన్ లాక్కోకపోతే" అని కూడా అనలేదు. టీకి పిలుస్తారు, పక్కన కుర్చీ వేస్తారు. ఎన్నిసార్లు చెబుదామనుకున్నా, సాయి ప్రియ "అంకుల్, చక్కెర సరిపోయిందా?" అనేసరికి "సరిపోయిందమ్మా" అని కప్పు ఎత్తేస్తాను.

నోటితో చెప్పలేనివాడు రాసి ఇవ్వచ్చని ఆయన్ని చూసే తెలుసుకున్నాను. నేను రాసినవన్నీ ఆ ఇంట్లో ముందుగా చదివేది సాయి ప్రియే, ఇదీ ఆమె చేతికే ఇస్తాను. అమ్మా, ఆ చీటీలో మొదటి వరుస మీ మామగారిది. రెండో వరుస ఆయనది కాదు. 2.30 ఆన్ చేసింది పైగది మనిషి.