పాదం కింద కమాన్

మా దగ్గర కమాన్ అంటే ఊరి మొదట్లో రోడ్డు మీద కట్టే స్వాగత ద్వారం. లారీ డ్రైవర్లకైతే చక్రాల పైన గుంతల దెబ్బ కాసే ఇనుప పట్టీలు. మనిషి పాదం కింద కూడా ఒక కమాన్ ఉండాలట. ఆ సంగతి నాకు పోలీసు ఉద్యోగం చేజారిన రోజే తెలిసింది.

లింగాల ఘనపూర్ దగ్గర మా ఊరికి లోపలిదాకా బస్సు రాదు. రోడ్డు మీద దిగి నడవాలి. చెప్పులు చేతిలో పట్టుకుని ఆ దారిలోనే పరుగు నేర్చుకున్నాను. రాతపరీక్ష గట్టెక్కాను, పరుగులో అందరికంటే ముందొచ్చాను. బాపు ఊరంతా చెప్పుకున్నాడు.

వైద్య పరీక్షలో డాక్టరు తడి కాళ్లతో కాగితం మీద నిలబడమన్నాడు. పాదం మొత్తం అచ్చు పడింది.

"పాదానికి కమాన్ లేదమ్మా. చదునుగ ఉంది. పోలీసుకు పనికిరాదు."

"పరుగుల ఫస్టొచ్చిన సార్. ఒక్కనాడు కాలు నొయ్యలే."

"రూల్ గట్లనే ఉంది. నేనేం చెయ్యాలె?"

తలైనా ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పరుగెత్తిన కాళ్ల కన్నా కాగితం మీది తడి మరక ఎక్కువైపోయింది ఆయనకు!

ఈ సంగతి ఊరంతా పాకింది. అప్పుడే ఊళ్లో కమాన్ కట్టడం మొదలైంది. అక్కడ కూర్చున్న ఒక ముసలాయన నన్ను చూసి, "ఊరికి కమాన్ వస్తాంది, నీకే లేకపాయె బిడ్డా" అన్నాడు. నలుగురూ నవ్వారు.

"దారి నిండ గుంతలే. కమాన్ ఎందుకు? దాని నీడకు పండుకోనీకా?" అని అరిచేసి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి బాపు కాలు తడుపుకుని గచ్చు మీద పెట్టి చూసుకుంటున్నాడు. పాదం మొత్తం పడింది.

"నా కాలే వచ్చింది బిడ్డా నీకు" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

జీవితమంతా ఆ కాళ్ల మీద నిలబడే పొలం దున్నిన మనిషి. ఆయన చేత ఆ మాట అనిపించినందుకు ఆ డాక్టరును నేను ఈరోజుకీ క్షమించలేదు.

ఏడాది తిరిగాక కమాన్ ప్రారంభానికి నాయకులు వచ్చారు. బాపు చూస్తానంటే తీసుకెళ్లాను. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్‌ను చూడగానే గుర్తుపట్టాను. పరుగులో నా వెనక వచ్చిన అమ్మాయి. తనూ నన్ను గుర్తుపట్టింది. కోపం తెచ్చుకుందామన్నా ఆ పిల్ల మీద రాలేదు. జనాన్ని సర్దుతూ మా దగ్గరికి వచ్చి, మెల్లగా అంది:

"అక్కా, జర ఎనుకకు జరుగు."

పళ్లు కొరుక్కుంటూ జరిగాను. బాపు కదలకుండా ఆమె యూనిఫాం వైపే చూస్తున్నాడు. చెయ్యి పట్టుకుని ఆయన్ని కూడా వెనక్కి జరిపాను.