ఊ కొడితేనే కదిలే ఆట

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి నేను వెళ్లింది ఒక అమ్మాయి చేసిన పనికి ఔననో కాదనో చెప్పడానికి. అక్కడి ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే సుధాకర్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. మూడు రోజుల ముందు ఫోన్ చేశాడు.

"మేడం, మా స్టూడెంట్ ఒకామె ఫోన్ల ఆడే ఆట తయారుచేసి, అది కథనే అంటున్నది. తోటి లెక్చరర్లు ఇద్దరు ఒప్పుకుంటలేరు. మీరొచ్చి తేల్చాలె."

ఆ అమ్మాయి పేరు స్రవంతి, గాంధారి దిక్కు ఊరు. ప్రాజెక్టు కాదంటే ఈ ఏడాది ఆమె డిగ్రీ పూర్తికాదు, చెరకు నరకడానికి పోతున్న తల్లిదండ్రులు ఆమెనూ వెంట తీసుకుపోతారు. ఆ సంగతి కూడా చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది అన్నాను. జాలితో నేను మార్కులు వేయను.

శుక్రవారం ఎనిమిదీ పదికి రావాల్సిన బస్సు ఎనిమిదిన్నరకు కదిలింది. ఆడవాళ్లకు జీరో టికెట్. ఆధార్ కార్డు సంచిలో పైనే పెట్టుకోండి, మీరు వెతికేదాకా ఆగే ఓపిక కండక్టర్‌కు ఉండదు. పొద్దుటి పూట కుడివైపు కూర్చుంటే ఎండ పడదు. తాడ్వాయిలో నా పక్కన లింగవ్వ అనే ఆవిడ వచ్చి కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. ఒళ్లో కొత్త చీర ఉన్న సంచి.

"ఏడికి పోతున్నవ్ అవ్వా?"

"ఎల్లారెడ్డికి. పరీక్ష ఉంది."

"ఈ వయసుల పరీక్షనా?"

"రాయడానికి కాదు, పెట్టడానికి. ఫోన్‌లో ఆట మీద."

"మా పిలగాడు గదే పరీక్ష పొద్దంత రాస్తుండు. వానికి నూటికి నూరు వెయ్యి."

తర్వాత తన సంగతి మొదలుపెట్టింది. లింగంపేటలో అన్న ఇంటికి పోతోంది, మేనకోడలి నిశ్చయానికి. పొలం గట్టు తగాదాతో మూడేళ్లుగా వదినతో మాటలు లేవు. రోడ్డు మీద ఆరబోసిన మక్కజొన్నలను డ్రైవర్ తప్పిస్తూ పోతుంటే కిటికీలోంచి చూస్తూ వింటున్నాను. ఆమె సగంలో ఆపేసింది.

"ఇంటున్నవా లేదా? ఊ కొట్టకుంటె ఎట్ల చెప్పాలె? గోడకు చెప్పినట్టున్నది."

"వింటూనే ఉన్నాను."

"ఇంటున్నట్టు నాకెట్ల తెలుస్తది?"

అక్కడి నుంచి ఊ కొట్టాను. అయినా కథ తెమలకముందే లింగంపేట వచ్చింది. "మా వదిన తలుపు దాక వస్తదో, లోపల్నే కూసుంటదో. నాలుగింటి బస్సుకు మళ్లొస్త" అంటూ దిగిపోయింది.

పది దాటాక ఎల్లారెడ్డి. బస్టాండు బయట అల్లం చాయ్ పది రూపాయలు, బాగుంది. కాలేజీకి నడిచిపోవచ్చు, ఆటో అక్కర్లేదు.

సుధాకర్, ఆ ఇద్దరు లెక్చరర్లు, నేను బెంచీల మీద కూర్చున్నాం. స్రవంతి ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి నిలబెట్టింది. ఆట నడుస్తున్నంతసేపు ఏమీ మాట్లాడకూడదని ఒక లెక్చరర్ ఆమెకు ముందే చెప్పాడు.

నేను ఒక ప్రశ్న సిద్ధం చేసుకుని వచ్చాను. ఏం జరిగిందన్నది కథ. దాన్ని ఎవరు, ఎవరికి, ఏ వరుసలో చెప్పారన్నది కథనం. కథన సిద్ధాంతంలో అన్నిటికంటే ముందు పట్టుకోవాల్సిన తేడా ఇదే. నవలకైనా, నానమ్మ చెప్పే కథకైనా ఈ కొలత సరిపోతుంది. ఆటలో మాత్రం ఆడేవాళ్లే అన్నీ చేస్తుంటే, ఇక చెప్పేది ఎవరు?

తెర మీద అడవి, ఒక ఆడపిల్ల. ఫోన్‌లోంచి, రికార్డు చేసిన స్రవంతి నానమ్మ గొంతు వినబడింది. తప్పిపోయిన ఎడ్లను వెతుక్కుంటూ ఆ కథలోని అక్క అడవిలోకి పోయిందట. రెండు దారులు చీలే చోట గొంతు ఆగింది. అక్క అక్కడే నిలబడింది. మేం తరగతిలో కూర్చున్నట్టు బుద్ధిగా, నిశ్శబ్దంగా చూస్తున్నాం. అక్క నిలబడే ఉంది.

"హ్యాంగయింది" అన్నాడు ఒక లెక్చరర్, చేత్తో నోరు మూసుకుని పక్కవాడి చెవిలో. రెండోవాడు పెన్ను మూత తీశాడు. స్రవంతి పెదవులు బిగించి నా వంకే చూస్తోంది.

"ఊ," అన్నాను.

అక్క కదిలింది. గొంతు మళ్లీ మొదలైంది.

"గిట్లని ముందుగాల ఎందుకు చెప్పలే?" అన్నాడు సుధాకర్.

"మా ఇంట్ల ఎవ్వరికీ చెప్పే పని లేకుండె సార్. ఊ కొట్టాలె అని రాయాలని తట్టనే లేదు."

"దగ్గితే?" అన్నాను.

"దగ్గినా కదులుతది మేడం. నానమ్మ గూడ దగ్గును ఊ అనే అనుకుంటది."

అందరూ నవ్వారు. ఆట చివరిదాకా చూశాక నేను నా ప్రశ్న వేశాను. "ఇందులో చెప్పేది ఎవరు? ఎవరు ఊ కొట్టినా ఎడ్లు దొరుకుతాయి గదా. అప్పుడు నా ఊకు విలువేంటి?"

"ఎడ్లు అక్కకంటె ముందే ఇంటికొస్తయి మేడం, అది మారది. మీరు జల్ది జల్ది ఊ అంటె నానమ్మ సక్కగ ఇంటికి తీస్కపోతది. నిమ్మలంగ అంటె నడుమ నక్క సంగతి, చెరువు సంగతి చెప్తది. కథ గదే ఉంటది. చెప్పుడు మారుతది. చెప్పేది నానమ్మనే, గని ఎట్ల చెప్పాలెనో ఇనేటోళ్లు చెప్తరు."

నిజమో కాదో చూద్దామని ఆటను రెండోసారి పెట్టించి ఆలస్యంగా ఊ కొట్టాను. నక్క వచ్చింది, చెరువు వచ్చింది. నా ప్రశ్నకు జవాబు దొరికింది. అచ్చు పుస్తకంలో వినేవాళ్ల చోటు ఎక్కడో ఊహించుకోవాలి. ఈ ఆటలో అది చెవికి వినబడుతోంది. ప్రాజెక్టు ఒప్పుకున్నాను, ఒక షరతు మీద: వారంలో ఊ కొట్టేవాళ్ల గురించి ఒక అధ్యాయం రాసివ్వాలి. లెక్చరర్లు ఇద్దరూ సంతకం పెట్టారు. ఆ పిల్ల బయటికి పోయి ఇంటికి ఫోన్ చేసింది. "నేను వస్తలేను బాపూ," అంటోంది, "మీరే పోండ్రి. నాకు రాసే పనున్నది."

బస్టాండు ఎదురుగా మెస్సులో భోజనం ఎనభై రూపాయలు. పప్పు మళ్లీ అడిగితే విసుక్కోకుండా వేస్తారు. రెండున్నర బస్సు ఖాళీగా పోతున్నా ఎక్కలేదు, నాలుగింటి బస్సు కోసం కూర్చున్నాను. ముప్పై ఏళ్లు తరగతిలో నిశ్శబ్దంగా వినమని చెప్పాను, పాఠానికి అది కావాలి. కథకు మాత్రం వినేవాళ్ల గొంతు కావాలని ఈ ప్రయాణంలో రెండుసార్లు రుజువైంది.

లింగంపేటలో లింగవ్వ ఎక్కింది. చీర సంచి ఖాళీ అయి, మడిచి చేతిలో ఉంది. నన్ను చూసి పక్కనే కూర్చుంది.

"పొద్దుగాల ఏడ ఆపిన అవ్వా?"

"తలుపు దగ్గర."

"ఆ, తలుపు. నేను వాకిట్ల అడుగు వెట్టిన్నో లేదో…" అని నా ముఖంలోకి చూసి ఆగింది.

"ఊ," అన్నాను.

"తలుపు దాక గాదవ్వా, వాకిట్లకే ఎదురొచ్చింది."

తాడ్వాయి వచ్చేదాకా ఒక్క ఊ కూడా తప్పనివ్వలేదు.